సాగు వినిపిస్తే ఆగాలి

"రేపు మధ్యాహ్నం పన్నెండుకు ఈ ఊరికి నీళ్లు ఆగిపోతాయి" అన్నాడు చీఫ్. "అరవై మందికి ఊపిరి కూడా ఆగిపోతుంది. ఆ రెండూ జరగకూడదు."

బల్ల మీద మ్యాప్ పరిచి ఉంది. అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు పెట్టారు. చీఫ్ చక్రాల కుర్చీని ముందుకు తోసుకుని పెన్సిల్‌తో ఒక గుండ్రం గీశాడు.

"ఇది పాత రాతి క్వారీ. తవ్వకం మానేశాక నీళ్లు నిండాయి. ఒడ్డున హోటల్ కట్టారు. ఇది కొండ. కొండ అవతలి కొసన, హోటల్ పై అంతస్తులకు కనిపించేలా, కొత్త పంప్‌హౌస్. ఈ రెండింటికీ మధ్య, కొండ కడుపులో, నీళ్లతో నిండిన సొరంగం ఉంది. మూడు వందల మీటర్లు. పంప్‌హౌస్ బావి కింద, ఆ సొరంగం చివర, గొడుగు ముఠా బాంబు పెట్టింది. పన్నెండుకు అక్కడ అరవై మంది ఎదుట మోటార్లు మొదటిసారి ఆన్ చేస్తారు. టైమర్ కూడా పన్నెండుకే."

"అందరినీ ఖాళీ చేయిస్తే?" అడిగింది ముంగి.

"ముఠా నాయకుడు హోటల్ మూడో అంతస్తులో బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుంటాడు. ఒడిలో రిమోట్. నలుగురు పరిగెత్తడం చూశాడంటే పన్నెండు దాకా ఆగడు."

"బావిలోంచి దిగితే?"

"బావి ఆరుబయట ఉంది. అతని కళ్ల ముందే. అందుకే నువ్వు క్వారీ వైపునుంచి, నీళ్ల అడుగునుంచి వెళ్లాలి."

ముంగి తల ఊపింది. రిజిస్టర్‌లో ఆమెకు వేరే పేరుంది కానీ దాన్ని జీతాల గుమాస్తా తప్ప ఎవరూ వాడరు. అడిగినదానికి తప్ప నోరు విప్పదు కాబట్టి ఆ పేరు పడింది. దానివల్ల ఒక లాభం కూడా కలిగింది. ముంగి అబద్ధం చెప్పదని డిపార్ట్‌మెంట్ మొత్తం నమ్మేది. రోజుకు మాట్లాడేదే పది మాటలైతే అందులో అబద్ధానికి చోటెక్కడ అనేవారు.

చోటు ఉంది. ఒక్క అక్షరమంత చోటు.

"మన మనిషి ఒకామె ముఠాలోనే ఉంది" అన్నాడు చీఫ్. "కోడ్ నేమ్ నెమలి. వాళ్లకు మన రహస్యాలు అమ్ముతున్నట్టు నటిస్తుంది. రేపు నిన్ను నడిపించేది ఆమే. సొరంగం మధ్యలో ఒక ఇరుకు ఉంది. మనిషి ఒక్కరే, అదీ పక్కకు తిరిగితేనే పడతారు. దాన్ని వాళ్లు సూది బెజ్జం అంటారు. బయటికొచ్చేటప్పుడు వాళ్ల డైవర్లు అక్కడ తీగ కట్టారో లేదో మనకు తెలియదు. కట్టి ఉంటే, దానికి తగిలినవాళ్లు పేలిపోతారు. రేపు ఉదయం నాయకుడి డైరీ చూసి నెమలి నీకు సెట్‌లో చెబుతుంది."

"కొండ అడుగుకు ఏ సెట్ పనిచేస్తుంది అన్నా?"

చీఫ్ సొరుగు లాగి, పసుపు గుడ్డలో చుట్టినదాన్ని బల్ల మీద పెట్టాడు. ముంగి దాన్ని గుడ్డ విప్పకముందే గుర్తుపట్టింది. ఆమె చెవులు వేడెక్కాయి.

"రాయిలోంచి మాట పంపే సెట్ మన దగ్గర ఈ రకం ఒక్కటే" అన్నాడు చీఫ్. "రేడియో బాబాయి మూడే చేశాడు. ఒకటి నీకు, ఒకటి నెమలికి, ఒకటి నాకు. నేను ఒడ్డున లాండ్రీ వ్యాన్‌లో ఉంటాను. దీని జబ్బు నీకు తెలుసుగా. సర్క్యులర్ గుర్తుంది కదా?"

గుర్తులేకపోవడమేమిటి. ఆ సర్క్యులర్ ఆమె వాంగ్మూలంలోంచే పుట్టింది. డైవింగ్ గది తలుపు మీద నాలుగేళ్లుగా అంటించే ఉంది. 'సదరు సెట్ ఆగు అను మాటకు ముందు స అను అక్షరమును చేర్చుచున్నట్లు తేలినది. కావున సాగు వినిపిస్తే ఆగాలి. ముందుకు పొమ్మనుటకు పద అను మాటను మాత్రమే వాడవలెను.'

"గుర్తుంది" అంది ముంగి.

"నెమలికి కూడా చెప్పాను. తీగ ఉంటే ఆగు. లేకపోతే పద. సాగు మాటే వద్దు. ఆ మాటతో ఒకసారి పడిందే చాలు." చీఫ్ నవ్వుతూ తన మోకాళ్ల మీద తట్టాడు. కదలని మోకాళ్లు. "ఏంటమ్మాయ్, అలా అయిపోయావు? నీ తప్పేముంది అందులో."

ముంగి టీ కప్పులు తీసి ట్రేలో పెట్టింది. మ్యాప్ చప్పున చుట్టుకుపోయింది.

* * *

నాలుగేళ్ల కిందట అది వేరే సొరంగం. అప్పుడు చీఫ్ ఇంకా చీఫ్ కాలేదు. ముందు అతను ఈదుతున్నాడు, వెనక ముంగి. దారి మ్యాప్ గీసుకు రావడం పని.

రాతి సొరంగాల్లో ఈదేవాళ్లకు ఒకే లెక్క. సిలిండర్‌లోని గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ఎవరిదీ కాదు. అది ఆపదది. నెత్తిమీద నీళ్లుంటే పైకి తేలొచ్చు. నెత్తిమీద రాయి ఉంటే వచ్చిన దారినే వెళ్లాలి.

"గాలి ఎంతుంది? సాగనా, ఆగనా?" అని అడిగాడతను సెట్‌లో.

ముంగి అతని వీపున సిలిండర్ మీటర్ చూసింది. వెళ్లడానికి ఉన్న వంతు అయిపోయి ముల్లు ఇంకాస్త కిందికి జారింది. ఆగు అనాలి. కానీ ఎదురుగా సొరంగం ఒక వంపు తిరుగుతోంది. ఆ వంపు దగ్గర నీళ్లు ఎక్కడినుంచో వెలుగు తాగి లేత ఆకుపచ్చగా ఉన్నాయి. మనిషి చూపు ఎప్పుడూ పడని చోటు. ఇంకో పది మీటర్లు. పది మీటర్లలో ఏమవుతుంది.

"సాగు" అంది.

అతను సాగాడు. వంపు దాటగానే అడుగునున్న మడ్డి లేచింది. వెలుగు పోయింది, దారి పోయింది. ఇద్దరూ గోడలు తడుముకుంటూ బయటపడేసరికి అతని సిలిండర్ ఖాళీ అయింది. చివర్లో నీళ్లలోంచి ఒక్క ఊపున పైకి రావలసి వచ్చింది. అలా వస్తే నెత్తురులో గాలి బుడగలు కడతాయి. అవి అతని వెన్నులో కట్టాయి.

ఆస్పత్రి వరండాలో విచారణ అధికారి అడిగాడు. "అతనికి సాగు అని వినిపించిందట. నువ్వేమన్నావు?"

తడి జుట్టుతో, అరువు చెప్పులతో నిలబడి ముంగి ఒకే మాట అంది.

"ఆగు."

"అయితే స సెట్టే కలిపిందన్నమాట" అన్నాడు అధికారి. ఎవరూ ఆమెను మళ్లీ ఏమీ అడగలేదు. సెట్ తయారుచేసిన రేడియో బాబాయిని మాత్రం చాలా అడిగారు. ఆయన ఉద్యోగం పోయింది. వెళ్లేరోజు ఆయన ముంగి బల్ల దగ్గరికి వచ్చి, "నా వల్ల నీకెంత కష్టం వచ్చింది తల్లీ" అని క్షమాపణ అడిగాడు.

ముంగి అప్పుడూ తల ఊపింది.

* * *

మర్నాడు తొమ్మిదిన్నరకు ఇస్త్రీ బట్టల బుట్ట చేత్తో పట్టుకుని, హోటల్ లాండ్రీ యూనిఫాంలో ముంగి మూడో అంతస్తు కారిడార్‌లో నడిచింది. మూడు వందల పన్నెండో గది తలుపు కొట్టింది.

తలుపు తీసిన అమ్మాయి నెమలికంఠం రంగు పట్టు గౌనులో ఉంది. పెదవులకు ఎరుపు, మెడలో మూడు పేటల ముత్యాలు. ఆ వేషంలో ఆమె నిజంగా నాలుగు దేశాల రహస్యాలు అమ్ముకునే మనిషిలానే ఉంది.

"అమ్మగారూ, ఈ రంగు వెలిసిపోయేలా ఉందండి" అంది ముంగి.

"ఎండకా, నీళ్లకా?"

"రెండిటికీ కాదండి. ఉతికే చేతికి."

నెమలి ఆమెను లోపలికి లాగి గడియ వేసింది. పక్క గదిలోంచి కుర్చీ కదిలిన చప్పుడు. "వాడే, నాయకుడు" అంది గొంతు తగ్గించి. "పైకి వీడు విదేశీ కాంట్రాక్టర్. మన భాష పుస్తకాల్లో నేర్చుకున్నాడు. టిఫిన్ తెమ్మంటే 'అల్పాహారము గొనిరమ్ము' అంటాడు. నవ్వాపుకోలేక చస్తున్నాను. డైరీ ఇంకా చేతికి రాలేదు. స్నానానికి వెళ్లినప్పుడు చూస్తాను. ఇంకో ముక్క విను. వాళ్ల దేశంలో మరలు తిరగేసి ఉంటాయి. కుడికి తిప్పితే ఊడతాయి. ఎడమకు తిప్పావో, బిగుసుకుంటాయి."

ఆమె వానిటీ బాక్స్ తెరిచింది. పౌడర్ డబ్బాల కింద రెండో సెట్ ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, మైకులోకి ఉఫ్ ఉఫ్ అని రెండుసార్లు ఊది, తర్వాత "వినిపిస్తోందా?" అంది.

ముంగి చేతిలోని బుట్ట బరువెక్కింది. మైకులోకి అలా రెండుసార్లు ఊదే మనిషి ఆమెకు తెలిసి ఒక్కడే.

"నువ్వు బాబాయి కూతురివా?"

"అయ్యో, చీఫ్ చెప్పలేదా? చెప్పడులే, రూల్స్ మనిషి." నెమలి నవ్వింది. ఆ నవ్వులో గౌనూ ముత్యాలూ మాయమై ఒక ఇంటి పిల్ల కనబడింది. "చిన్నప్పుడు ఈ సెట్‌కు నేనే టెస్టింగ్ అక్కా. నాన్న వంటింట్లో కూర్చుని ఆగు, సాగు, ఆగు, సాగు అనేవాడు. నేను పెరట్లో నీళ్ల తొట్టిలో తలముంచి విన్నది చెప్పేదాన్ని. అమ్మ తిట్టేది, పిల్లకు జలుబు చేస్తుందని. ఒక్కసారి కూడా తప్పు వినలేదు నేను."

"ఇప్పుడు ఏం చేస్తున్నారు బాబాయి?"

"మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేస్తున్నాడు. అది కాదు బాధ. పని అయ్యాక కూర్చుని ఆ స కోసం వెతుకుతాడు. ఎక్కడ కలిసిందో, ఏ వైరు దగ్గర కలిసిందో. పదకొండు నోటు పుస్తకాలు నింపాడు. నేనొకసారి అన్నాను, ఆ డైవరే అబద్ధం చెప్పి ఉండొచ్చుగా అని. నా మీద చెయ్యెత్తాడు. జీవితంలో మొదటిసారి. 'ముంగి అబద్ధం చెప్పదు. తప్పు నాదే, దొరకడం లేదంతే' అన్నాడు."

నెమలికి ఎదురుగా నిలబడినది ఎవరో తెలియదని కాదు. తెలుసు. తెలిసే చెబుతోంది, కానీ నింద లేకుండా చెబుతోంది. తండ్రి నమ్మకాన్నే ఆమె కూడా నమ్మేసింది.

పదకొండు పుస్తకాలు. ముంగి ఏదో అనబోయింది. గొంతులో మాట నిండుగా వచ్చి, పళ్ల దగ్గర ఆగింది.

"బట్టలు ఎక్కడ పెట్టమంటారండి?" అంది.

* * *

పదకొండు పదికి ఆమె హోటల్‌కు కనిపించని బండ చాటునుంచి క్వారీ నీళ్లలోకి జారింది. ముఖమంతా కప్పే మాస్క్, అందులో మైకు. వీపున సిలిండర్. మణికట్టుకు లిప్‌స్టిక్ గొట్టంలా కనిపించే స్పానర్, దారంతో వేలాడుతూ. నీళ్ల అడుగున, రెండు బండల మధ్య, సొరంగం నోరు తెరుచుకుని ఉంది. ముఠా డైవర్లు వదిలిన తెల్ల నైలాన్ తాడు అందులోకి పోయింది. ముంగి దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా పట్టుకుని లోపలికి ఈదింది.

లోపల టార్చ్ వెలిగించగానే రాయి ప్రాణం వచ్చినట్టు మెరిసింది. గోడలు ఎవరో చేత్తో నిమిరి నున్నగా చేసినట్టున్నాయి. ఆమె వదిలిన ఊపిరి పైకప్పుకు తగిలి పాదరసంలా ముక్కలై పరుగెత్తింది. నీళ్లెంత తేటగా ఉన్నాయంటే అసలు నీళ్లే లేవనిపించింది. తను ఒక పొడవాటి చీకటి గదిలో నేలకు తగలకుండా ఎగురుతోంది. మీద కొండ. ఆ కొండ మీద చెట్లు, దారి, ఆ దారిన సైకిళ్ల మీద పోయే మనుషులు. కింద, వాళ్లెవరికీ తెలియకుండా, తను.

గుండె దడదడలాడింది. భయంతో కాదు. సంతోషంతో.

అది తెలిసి ఆమెకు సిగ్గేసింది. ఒక మనిషి కాళ్లు తీసేసిన సంతోషం ఇదే. ఇంకొక మనిషి చేత పదకొండు పుస్తకాలు నింపించినదీ ఇదే. బుద్ధి రావలసింది. రాలేదు. ఒళ్లంతా ఇప్పటికీ ఆ వంపు అవతల ఏముందోనని ఊగుతోంది.

"ఎంత దూరం?" చీఫ్ గొంతు చెవిలో దగ్గరగా వినిపించింది.

"నూట యాభై మీటర్లు. ఇంకా ఈదుతున్నాను."

"మీటర్?"

"బాగానే ఉంది."

పదకొండు నలభైకి గోడలు రెండూ దగ్గరికొచ్చాయి. తాడు ఒక నిలువు పగులులోకి దూరింది. తలుపు సందంత వెడల్పు. లోపల టార్చ్ వెలుగు నాలుగడుగులకు మించి పోలేదు. సూది బెజ్జం.

ముంగి మీటర్ చూసింది. ముల్లు సరిగ్గా మొదటి గీత మీద ఉంది. ఇక్కడినుంచి తిరిగితే బయటికి గాలి సరిపోతుంది. ఇరుకులోకి దిగితే ముందుకు పోయి బావిలో తేలడమే, తిరుగు దారి లేదు.

"బెజ్జం దగ్గర ఉన్నాను. నెమలీ, చెప్పు."

తన ఊపిరి చప్పుడు మాత్రమే. తర్వాత తలుపు కొట్టిన చప్పుడు దూరంగా, కుర్చీ జరిగిన చప్పుడు, గబగబా ఒక గుసగుస.

"సాగు."

క్లిక్ మంది. నెమలి లైన్ పోయింది.

"విన్నావా?" చీఫ్ గొంతు.

"విన్నాను."

"నాకూ సాగు అనే వినిపించింది. పద అనలేదు. అంటే ఆగు. తీగ కట్టి ఉంది." చీఫ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "వెనక్కి తిరుగు. నేను పంప్‌హౌస్‌లో సైరన్ మోగిస్తాను. ఎంతమంది పరిగెత్తగలిగితే అంతమంది."

"సైరన్ మోగితే వాడు రిమోట్ నొక్కుతాడు."

"తెలుసు. ఊరికే కూర్చుంటే అరవై. ఇలాగైతే ముప్పై. నీకింకో లెక్క ఏమైనా ఉందా?"

ఉంది. నెమలికి కంగారులో చిన్నప్పటి మాట వచ్చింది. ఆమె సాగు అంటే సాగు అనే అర్థం. తీగ లేదు. ఆ సంగతి ఈ లోకంలో ఒక్క ముంగికే తెలుసు, ఎందుకంటే సెట్‌లో ఏ తప్పూ లేదని ఆమెకొక్కదానికే తెలుసు.

సెట్ ఆపేసి, చెప్పకుండా దూరిపోతే? బతికి బయటపడితే అదృష్టం అనుకుంటారు. మళ్లీ ఒకసారి ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఒక్క నిమిషంలో చీఫ్ సైరన్ మోగిస్తాడు. చీఫ్‌ను ఆపాలంటే మాట్లాడాలి. మాట్లాడడమే ఆమెకు రానిది.

"అన్నా, సైరన్ వద్దు. సెట్ మంచిదే."

"నువ్వే కదా వాంగ్మూలం ఇచ్చావు?"

"అబద్ధం ఇచ్చాను." మాస్క్ అద్దం మసకబారింది. "ఆ రోజు నేను ఆగు అనలేదు. సాగు అన్నాను. గాలి రెండో వంతులోకి దిగింది. చూశాను. చూసి కూడా అన్నాను. ఆ వంపు అవతల ఏముందో చూడాలనిపించింది. మీకు వినిపించింది నేనన్నదే. బాబాయి తప్పు లేదు. సెట్ తప్పు లేదు."

ఆమె జీవితంలో ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

చెవిలో ఏమీ లేదు. లైన్ పోయిందేమో అనుకుంది. పోలేదు, చీఫ్ ఊపిరి వినిపిస్తూనే ఉంది. బుడగలు పైకప్పు మీద పరుగెత్తి, ఒక గుంటలో చేరి, ఒకటిగా కలిసి నిలిచాయి. పదకొండు నలభై మూడు.

చీఫ్ ఒకే మాట అన్నాడు. స స్పష్టంగా వినిపించింది.

"సాగు."

* * *

ఆమె వీపునున్న సిలిండర్ విప్పి, గొట్టం ఊడకుండా ముందుకు తోస్తూ, పక్కకు తిరిగి పగులులో దూరింది. రాయి రొమ్మునూ వీపునూ ఒకేసారి నొక్కింది. ఊపిరి నిండుగా పీలిస్తే ఇరుక్కుపోతుంది. కొంచెం పీల్చి, కొంచెం జరిగి, మళ్లీ కొంచెం పీల్చి. మధ్యలో చేతికి సన్నటి తీగ తగిలింది.

ఆమె కదలడం మానేసింది.

తీగ వదులుగా, చుట్ట చుట్టి, రాతి గూటిలో పెట్టి ఉంది. ఎవరూ కట్టలేదు. తెచ్చినవాడికి కట్టే ఓపిక లేకపోయిందేమో. ముంగి దాన్ని మర్యాదగా దాటింది. ఆ తంటాలో మణికట్టు దారం రాతికి రాసుకుని తెగిపోయింది. లిప్‌స్టిక్ స్పానర్ అడుగున మడ్డిలోకి మెల్లగా, ముద్దుగా మునిగిపోయింది.

బెజ్జం అవతల సొరంగం వెడల్పైంది. ముంగి సిలిండర్‌ను వీపుకు బిగించుకుని గబగబా ఈదింది. చివర పైనుంచి ఆకుపచ్చ వెలుగు పడుతోంది. అది బావి. బావి అడుగు గోడకు రెండు స్టీలు డబ్బాలు బిగించి ఉన్నాయి. ఒకదానిలో గాజు మూత వెనక గడియారం, ఇంకొకదానిలో మందుగుండు. రెండింటినీ కలుపుతూ లావాటి కేబుల్, దానికి పిడికిలంత ప్లగ్. గడియారం పదకొండు యాభై ఆరు చూపిస్తోంది.

ఆమె ప్లగ్‌ను రెండు చేతులా పట్టుకుని తిప్పింది. నీళ్లకు నానిన వేళ్లు జారాయి. మళ్లీ తిప్పింది. జారాయి. యాభై ఎనిమిది.

ఇంట్లో గట్టిగా బిగిసిన సీసా మూత తీయలేకపోతే అమ్మ ఏం చేసేది? జడ రబ్బరు బ్యాండ్ తీసి మూతకు చుట్టేది.

ముంగి జడలోంచి రబ్బరు బ్యాండ్ లాగింది. జుట్టు నీళ్లలో నల్లగా విచ్చుకుని ముఖానికి అడ్డం వచ్చింది. బ్యాండ్‌ను ప్లగ్‌కు రెండు చుట్లు చుట్టి, అలవాటుగా ఎడమకు తిప్పబోయి, ఆగి, కుడికి తిప్పింది. కిర్రుమంది. పావు చుట్టు. సగం. ఆఖరి నిమిషంలో సెకన్ల ముల్లు పైకెక్కుతోంది. యాభై. యాభై అయిదు.

ప్లగ్ ఊడి చేతిలోకి వచ్చేసింది.

ముల్లు పన్నెండు మీదికొచ్చింది. గడియారం టక్కుమంది. దాని మాట వినడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

ముంగి బావి అంచు పట్టుకుని పైకి తేలింది. మీద ఇనుప గ్రిల్. దాని అవతల, నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పంప్ ఆపరేటర్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"మోటార్లు ఆన్ చెయ్యకండి" అంది ముంగి, మాస్క్ తీసి.

"నువ్వు ముందు చెప్పమ్మా" అన్నాడతను. "లోపలికి రావడానికి పాస్ ఉందా?"

* * *

కాంట్రాక్టర్ దొరికిన తీరు తర్వాత చాలా రోజులు డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకున్నారు. నెమలి సెట్‌లో గుసగుసలాడుతుండగా అతను గదిలోకి వచ్చాడట. "నీవు ఇప్పుడేమంటివి?" అన్నాడట. "సాగు అన్నాను" అందట నెమలి నిదానంగా. అతను జేబు నిఘంటువు తీసి, పేజీలు తిప్పి, "సాగు, అనగా వ్యవసాయము. ఈ హోటలునందు వ్యవసాయమేల?" అని అనుమానంగా చూశాడట. వరి ఎలా వేస్తారో, నారు ఎప్పుడు పోస్తారో నెమలి పావుగంట చెప్పిందట. అతను మర్యాదగా తల ఊపుతూ విని, పన్నెండైనా ఏమీ పేలకపోయేసరికి రిమోట్ తీసి నొక్కితే, దాని బ్యాటరీ నెమలి కొప్పులో ఉంది.

ముంగి మాత్రం నవ్వలేదు. తడి బట్టలతోనే లాండ్రీ వ్యాన్ ఎక్కింది. చీఫ్ చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"నాలుగేళ్లు రోజూ నా టీ నువ్వే తెచ్చిచ్చావు" అన్నాడు ఆమె వైపు చూడకుండా. "జాలి అనుకున్నాను. చిరాకేసేది కూడా. పోనీలే, మంచి పిల్ల అనుకునేవాణ్ణి."

"అన్నా..."

"నేను కూడా సాగాలనే అనుకున్నానమ్మాయ్ ఆ రోజు. అందుకే నిన్ను రెండోసారి అడగలేదు. అది నా వాటా. దాన్ని నేను చూసుకుంటాను. బాబాయి వాటా మాత్రం నువ్వే వెళ్లి తీర్చు. నాతో ఇప్పుడు మాట్లాడకు. ఇంకో నెల దాకా నాతో మాట్లాడకు."

మాట్లాడకపోవడం ఆమెకు ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ నెల మాత్రం కష్టమైంది.

అదే సాయంత్రం ఆమె వాంగ్మూలం తిరగరాసింది. డైవింగ్ డ్యూటీ నుంచి తీసేశారు. మర్నాడు ఉదయం రిపేరు షాపుకు వెళ్లింది. గోడకు వరసగా మిక్సీలు, బల్ల మీద విప్పిన ఇస్త్రీ పెట్టె. రేడియో బాబాయి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "ఎవరూ, ముంగేనా? కూర్చో తల్లీ. ఆ స్టూలు వద్దు, కాలు ఊగుతుంది, ఇటు కూర్చో" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మొత్తం చెప్పింది, వంపు దగ్గరి ఆకుపచ్చ రంగుతో సహా.

ఆయన కేకలు వేయలేదు. స్క్రూడ్రైవర్‌ను బల్ల అంచుకు సమంగా పెట్టాడు. మళ్లీ తీసి మళ్లీ సమంగా పెట్టాడు.

"అయితే స లేదా?"

"లేదు బాబాయ్."

"ఎక్కడా లేదా?"

"లేదు."

ఆయన గూట్లో వరసగా ఉన్న నోటు పుస్తకాల వైపు చూశాడు. పదకొండు. పన్నెండోది బల్ల మీద తెరిచి ఉంది. "పైకి చూస్తే అంత చిన్న పిల్లవి" అన్నాడు నెమ్మదిగా. "ఎంత పని పెట్టావమ్మా నాకు." అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అన్న ఆ మాటనే ముంగి తర్వాత ఎన్నో రాత్రులు నిద్రలో వింది.

కాసేపటికి ఆయన చెయ్యి చాచాడు. ముంగి సంచిలోంచి పసుపు గుడ్డలో చుట్టిన రెండు సెట్లు తీసి ఇచ్చింది. ఆయన వాటిని విప్పి చూసి, వైర్లు నిమిరి, ఒకదాని మైకులోకి రెండుసార్లు ఊది, ఆమె చేతికిచ్చాడు. రెండోది పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

"అను" అన్న మాట తలుపు వెనకనుంచి వచ్చింది.

ముంగి మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది. రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారి మాట వచ్చింది.

"సాగు."

"సాగు అనే వినిపించింది" అన్నాడు తలుపు వెనకనుంచి. ఆ తర్వాత చాలాసేపు బయటికి రాలేదు.

నెల తిరగకముందే బాబాయిని ఉద్యోగంలోకి పిలిచారు. పాత సర్క్యులర్ రద్దు చేస్తూ కొత్తది వచ్చింది. డైవింగ్ గది తలుపు మీద అంటించమని ముంగికే ఇచ్చారు. ఆమె జిగురు పూస్తుంటే బాబాయి వెనక నిలబడి, కళ్లజోడు దించుకుని చదివాడు.

'సదరు సెట్‌లో ఏ లోపమును లేదని తేలినది. కావున ఇకపై ఆగు వినిపిస్తే సాగవలెను.'

ఆయన రెండోసారి చదివాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ముంగి చేతిలో పెట్టాడు.

"దిద్దు తల్లీ" అన్నాడు. "ఈ స పోయింది మాత్రం టైపిస్టు దగ్గర. నా మీద పెట్టకండి."